షోటెన్ చూస్తే రకుగో చూసినట్టేనా? బెంగళూరు నుంచి చూసేవాళ్ల కోసం

జపాన్ టీవీ హాస్య కార్యక్రమం షోటెన్ చూసి, ఒక్కడే కూర్చుని కథ చెప్పే జపాన్ కళ రకుగో చూసేశామనుకోవడం, అప్రస్తుత ప్రసంగం విని అవధానం మొత్తం విన్నామనుకోవడం లాంటిది. వేదిక అదే, మనుషులూ వాళ్లే. కానీ "అవధానిగారూ, మీ ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు ఎవరి పళ్లెంలో పడుతుంది?" అని పృచ్ఛకుడు అడిగినప్పుడు లేచే నవ్వు వేరు, దత్తపది నాలుగో పాదం కుదిరినప్పుడు పడే చప్పట్లు వేరు. దాదాపు అరవై ఏళ్లుగా జపాన్‌లో ఆదివారం సాయంత్రాల్ని ఏలుతున్న షోటెన్‌లో మొదటి రకం నవ్వు పుష్కలంగా దొరుకుతుంది. రెండోదాని కోసం వేరే చోట వెతుక్కోవాలి. ఎక్కడ వెతకాలి, ఏది కొనాలి, ఏది కొంటే డబ్బు దండగ అన్నదే ఈ సమీక్ష.

బెంగళూరులో జపనీస్ చదివే తెలుగువాళ్లకి కొదవ లేదు. జులైలోనో డిసెంబరులోనో జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్ష రాసేవాళ్లు, బిడది టయోటా చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్లు, మారతహళ్లి పీజీలో ఉంటూ టిఫిను కూడా తినకుండా టోక్యో టీముతో కాల్స్‌లో కూర్చునేవాళ్లు. వీళ్లలో చాలామందికి జపాన్ హాస్యం యానిమేతో మొదలై అక్కడే ఆగిపోతుంది. అవతల యాభై దాటిన జపాన్ మేనేజరు ఎవరో వేసిన జోకుకి "జబుటోన్ ఇచిమాయ్!" అంటాడు. టోక్యో వాళ్లంతా నవ్వుతారు, మనవాళ్లు అరక్షణం ఆలస్యంగా నవ్వుతారు. ఆ మాట షోటెన్‌ది. కూర్చునే మెత్త ఒకటి ఇవ్వండి ఇతనికి, అని అర్థం. మన "వీరతాళ్లు" వేయడం లాంటిదే.

ముందు రకుగో సంగతి, రెండు ముక్కల్లో. ఒకే మనిషి, కిమోనో కట్టుకుని, ఎత్తైన అరుగు మీద, మెత్త మీద మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. చేతిలో మడత విసనకర్ర, ఒక తుండుగుడ్డ. అంతే సరంజామా. మన హరిదాసు గజ్జె కట్టి, చిడతలు పట్టి, వేదికంతా కలియదిరుగుతాడు. రకుగో కథకుడు కథ అయ్యేదాకా లేవడు. పాట ఉండదు, పద్యం ఉండదు, వ్యాఖ్యానమూ పెద్దగా ఉండదు. కథంతా సంభాషణే. ఇద్దరు ముగ్గురు మనుషుల మాటల్ని ఒక్కడే మాట్లాడతాడు. చివర ఒక్క మాటతో కథని ఠక్కున దించేస్తాడు. ఆ దించడాన్నే ఓచి అంటారు, సాగె అని కూడా అంటారు. పదిహేడో శతాబ్దం చివర్లో క్యోటోలో త్సుయు నో గోరొబెయ్, ఒసాకాలో యొనెజావా హికొహాచి, ఎదోలో షికానో బుజయెమోన్ జనం మధ్య కథలు చెప్పి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. ఎదో అంటే నేటి టోక్యో. వృత్తిగా దీని పుట్టుక అక్కడే అని చెబుతారు.

ఇక షోటెన్. నిప్పోన్ టీవీలో 1966 మే 15న మొదలైంది. జపాన్‌లో ఆదివారం సాయంత్రం 5:30 అంటే మనకి సరిగ్గా మధ్యాహ్నం 2 గంటలు. మూడున్నర గంటల తేడా, ఎండాకాలం చలికాలం అని మారదు. అంటే ఇక్కడ పప్పన్నం తిని నడుం వాల్చే వేళకి అక్కడ ఆ పాత బాణీ మోగుతుంది. అరగంట కార్యక్రమం. మొదట ఒక అతిథి ప్రదర్శన, అంటే ఇంద్రజాలమో, ఇద్దరు కలిసి చేసే మాన్‌జాయ్ హాస్యమో. మిగతాదంతా ఓగిరి. రంగురంగుల కిమోనోల్లో ఆరుగురు కథకులు వరసగా కూర్చుంటారు. పక్కన అధ్యక్షుడు ఒక ప్రశ్న వేస్తాడు, చేయెత్తినవాళ్లు జవాబు చెబుతారు. బాగుంటే ఒక మెత్త వస్తుంది, బాగోకపోతే ఉన్నది పోతుంది, అధ్యక్షుణ్ణి మరీ ఆటపట్టిస్తే మొత్తం లాగేస్తారు. పది మెత్తలు పోగేస్తే బహుమతి. దాని పేరు ఘనంగా వినిపిస్తుంది, చేతికొచ్చేసరికి అదీ ఒక శ్లేషే అయి ఊరుకుంటుంది. మెత్తలు మోసేది ఎర్ర కిమోనో యమదా తకావో. 1984 నుంచి ఆ పని ఆయనదే. చిత్రీకరణ జరిగే కొరాకుయెన్ హాలు అసలు ప్రసిద్ధికెక్కింది బాక్సింగ్ పోటీల వల్ల. ఆ సంగతి తెలిసి చూస్తే యమదా ఒక్కొక్కర్ని మెత్తల మీంచి తోసేయడం ఇంకా బాగుంటుంది.

ఓగిరిలో తెలుగువాళ్లకి చప్పున అందేది నజొకకె. "ఫలానాదాన్ని ఫలానాదానితో పోలుస్తాను" అంటాడు కథకుడు. మిగతావాళ్లు "సొనొ కొకొరొ వా?" అని అడుగుతారు, అంటే దాని మనసులో మాటేమిటి అని. అప్పుడు శ్లేష విప్పుతాడు. తెలుగులో చేస్తే ఇలా ఉంటుంది. సంగీత కచేరీని ఊరెళ్లినవాళ్ల ఇంటితో పోలుస్తాను. దాని మనసులో మాటేమిటి? తాళం సరిగ్గా పడకపోతే కొంప మునుగుతుంది. రెండు అర్థాల పదం ఒకటి దొరికితే చాలు, వాక్యం దానంతట అదే కట్టుకుంటుంది. శ్లేష అంటే చెవి కోసుకునే మన జాతికి దీని లోపలి అమరిక ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కల్లా పదసంపదతోనే. జపనీస్‌లో ఒకే ఉచ్చారణకి అరడజను కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు ఉంటాయి. అందులో రెండు ఒకేసారి తలలో వెలగకపోతే నవ్వు రాదు. మా లెక్కన జేఎల్‌పీటీలో పైనుంచి రెండోదైన ఎన్2 స్థాయి దాటనివాళ్లకి ఓగిరిలో సగం జవాబులు గాల్లో పోతాయి.

మిగతా సగం పోయేది భాష వల్ల కాదు, పాత్రల వల్ల. షోటెన్‌లో ప్రతి ఒక్కరికీ దశాబ్దాలుగా అంటుకున్న ఒక వేషం ఉంది. పసుపు కిమోనో హయాషియా కికువో అమాయకుడు, తన పేరుతో అమ్మే రామెన్‌ని అందరూ రుచి లేదని వెక్కిరిస్తారు. ఆయన 1969లో చేరి 2024 మార్చిలో దిగిపోయారు. ఊదా రంగు ఆరో సన్యూతెయ్ ఎన్రాకుది (అంటే ఆ పేరు మోసిన ఆరోవాడు) కడుపులో విషం ఉన్నవాడి వేషం. అధ్యక్షుడిగా ఉన్న కత్సురా ఉతామారు ఎప్పుడు పోతాడా అని ఎదురుచూస్తున్నట్టు జోకులు వేసేవారు. ఉతామారు 2018 జులైలో, ఎన్రాకు 2022 సెప్టెంబరులో నిజంగానే పోయారు. ఆ పాత ఎపిసోడ్లు ఇప్పుడు చూస్తే నవ్వు గొంతులో కాసేపు ఆగుతుంది. ప్రస్తుత అధ్యక్షుడు షుంపూతెయ్ షోతా మీద ఏళ్లకేళ్లు బ్రహ్మచారి జోకులు నడిచాయి. 2019లో పెళ్లి చేసుకుని ఆ గని మూసేశారు. ఈ వంశచరిత్రంతా తెలియకుండా మధ్యలో ఒక ఎపిసోడ్ చూస్తే, పెళ్లింట్లో ఎవరి తరఫు బంధువో తెలియని మనిషిలా కూర్చోవాలి. అయిదారు వారాలు వరసగా చూస్తేగానీ కుదురు పడదు.

అన్నట్టు, ఈ కార్యక్రమం పుట్టించిన తతెకవా దన్షి అసలు ఉద్దేశం జనాన్ని రకుగో వైపు లాగడమే. మొదటి అధ్యక్షుడూ ఆయనే. 1969లో తప్పుకున్నారు, 1971లో పార్లమెంటు ఎగువసభకి గెలిచారు, 1983లో కథకుల సంఘంతో తెగదెంపులు చేసుకుని సొంత శాఖ పెట్టారు. ఆ శాఖవాళ్లకి టోక్యోలోని నిత్య రకుగోశాలల్లో చోటు లేకుండా పోయింది. షోటెన్ మాత్రం ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో కికువో ఖాళీ చేసిన చోట కూర్చున్నది తతెకవా హరెనొసుకె, దన్షికి శిష్యుడి శిష్యుడు. చుట్టూ తిరిగి సొంతింటికే వచ్చినట్టయింది.

మరి బెంగళూరులో చూడటం ఎలా? ఇక్కడే షోటెన్‌కి మార్కులు తగ్గుతాయి. నిప్పోన్ టీవీ మన డీటీహెచ్‌లో రాదు. జపాన్ ప్రైవేటు చానెళ్లన్నీ కలిసి నడిపే ఉచిత యాప్ టీవర్ జపాన్ బయట తెరుచుకోదు. వీపీఎన్ పెట్టుకో అనే స్నేహితుడు ప్రతి ఒక్కరికీ ఉంటాడు. అది ఆ సేవల షరతులకి విరుద్ధం, పైగా సరిగ్గా ఓగిరి మొదలయ్యాక గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతుంది. కాబట్టి షోటెన్‌ని ఆన్‌సైట్ వెళ్లినప్పుడు గెస్ట్‌హౌస్ టీవీలో చూసే వస్తువుగానే లెక్కేసుకోవాలి. అలా వెళ్లినవాళ్లు మాత్రం ఆదివారం సాయంత్రం అయిదున్నరకి గదిలో ఉండటం మంచిది. సోమవారం ఆఫీసులో మాట కలపడానికి అంత తేలికైన దారి ఇంకోటి లేదు.

టీవీలో కనిపించే కథకులంతా షోటెన్ వాళ్లే అనుకోవద్దు. తతెకవా షినొసుకె 1995 నుంచి 2022 దాకా జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో వంటింటి చిట్కాల్నీ ఆరోగ్యాన్నీ ప్రయోగాలతో పరీక్షించే కార్యక్రమం నడిపారు. జపాన్ గృహిణులకి ఆయన ముందు టీవీ మనిషి, ఆ తర్వాతే కథకుడు. ఒసాకా ఆరో కత్సురా బున్షి, సన్షి అనే పాత పేరుతో 1971లో మొదలుపెట్టి కొత్త దంపతుల్ని మాట్లాడించే కార్యక్రమానికి యాభై ఏళ్లు దాటేదాకా కూర్చున్నారు. కుర్చీతో సహా పడిపోవడం ఆయన ముద్ర. అయిదో యనాగియా కొసాన్ ముఖం చాలామందికి ఇన్‌స్టంట్ మిసో పులుసు ప్రకటనతో గుర్తు. అదే కొసాన్ 1995లో రకుగోలో మొట్టమొదటి సజీవ జాతీయ నిధిగా గుర్తింపు పొందారు. టీవీ వల్ల రకుగో చెడిపోయిందని గొణిగే పెద్దలు అక్కడా ఉన్నారు. ఆ మాటలో సగమే నిజం. టీవీలో సంపాదించిన పేరే హాలు టికెట్లు అమ్మిపెడుతుంది. కాకపోతే టికెట్టు కొన్నవాడికి లోపల పూర్తి కథ దొరుకుతుంది, టీవీ ముందు కూర్చున్నవాడికి దొరకదు.

పూర్తి కథ అంటే ఏమిటో ఒక్కదానితో చెప్పుకుంటే మేలు. తోకి సోబా. మొదట చూడాల్సింది ఇదే, ఎందుకంటే ఇందులో నవ్వంతా అంకెల్లో ఉంది, అంకెలు అన్ని భాషల్లోనూ ఒకటే.

రాత్రి వేళ వీధిలో సోబా బండి, అంటే బక్‌వీట్ పిండి సేమ్యా అమ్మేది. గిన్నె పదహారు మోన్‌లు, అంటే ఆ కాలపు చిల్లర నాణేలు. ఒకడు వచ్చి బండి పేరు దగ్గర్నుంచి మెచ్చుకోవడం మొదలుపెడతాడు. చాప్‌స్టిక్స్ బాగున్నాయి, గిన్నె బాగుంది, సేమ్యా సన్నగా ఉంది, చేప ముక్క మందంగా కోశావు. తిన్నాక చిల్లర లెక్కపెడతాడు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. "ఇప్పుడు వేళెంతయింది?" "తొమ్మిది." "పది, పదకొండు..." అంటూ పదహారు దాకా లెక్కించి వెళ్లిపోతాడు. ముందు ఎనిమిది, తర్వాత ఏడు, వెరసి పదిహేను. ఒక మోన్ మిగిలింది. పక్కన నిలబడి ఇదంతా చూసిన తెలివితక్కువవాడికి లెక్క ఆలస్యంగా వెలుగుతుంది. మర్నాడు తనూ అదే చేయాలని ఆత్రంగా, కాస్త ముందే బయల్దేరతాడు. బండి వేరు. గిన్నె పగిలింది, సేమ్యా ముద్ద, ముక్క కాగితమంత పల్చన. అయినా మెచ్చుకోవాలి కదా, తంటాలు పడి మెచ్చుకుంటాడు. ఎనిమిది దాకా లెక్కపెట్టి వేళ అడుగుతాడు. "నాలుగు." "అయిదు, ఆరు, ఏడు..." కథ అయిపోయింది. ఎనిమిది, ఆ పైన పన్నెండు, మొత్తం ఇరవై. ఒక్క మోన్ కొట్టేద్దామని పోయి నాలుగు మోన్‌లు ఎదురిచ్చాడు.

కాస్త ముందే వస్తే నాలుగెలా అయింది? ఎదో కాలపు గడియారం తిరగేసి నడిచేది. నడిరాత్రి తొమ్మిది, తర్వాత ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు, నాలుగు, మళ్లీ మిట్టమధ్యాహ్నం తొమ్మిది. ఒక్కో వేళ మన లెక్కలో రమారమి రెండు గంటలు. అంటే తొమ్మిదికి సరిగ్గా ముందుండేది నాలుగు. ఇది తెలియకపోతే రెండోవాడు తెల్లవారుజామున వచ్చాడని పొరబడి, జోకు కింద పెట్టిన మెట్టుని చూడకుండా దాటేస్తాం. ఝాములూ ఘడియలూ విన్న చెవులకి ఇది ఎక్కువ వింత అనిపించదు.

చూసేటప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలి? ముందు తల మీద. కథకుడు తల ఏ వైపు తిప్పాడన్నదాన్ని బట్టే ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. ప్రేక్షకుల కుడివైపు పెద్దలు, ఇంటివాళ్లు ఉంటారని ఒప్పందం. కాబట్టి ఇంటి యజమాని మాట్లాడేటప్పుడు ముఖం మన ఎడమకి తిరుగుతుంది, గుమ్మంలోంచి వచ్చినవాడు మాట్లాడేటప్పుడు మన కుడికి. తిప్పేది కాస్తే, చూపు దూరమే ఇద్దరి మధ్య ఎంత చోటుందో చెబుతుంది. ఇది పట్టుబడితే భాష సగమే తెలిసినా కథ వెంట నడవొచ్చు. టీవీ చేసే పెద్ద చేటు కూడా ఇక్కడే. దర్శకుడు విసుగొచ్చి పక్క కెమెరాకి మారతాడు. ఆ క్షణంలో కుడి ఎడమల లెక్క చెదిరి, యజమాని పనివాడవుతాడు. ఇంకో చేటు ముఖం మీదికి దగ్గరగా వెళ్లడం. సోబా తినేటప్పుడు ఎడమచేయి గిన్నె, కుడిచేతిలో మూసిన విసనకర్ర చాప్‌స్టిక్స్. సేమ్యాని ఎత్తి, ఊది, సర్రున పీల్చే పనంతా మోచేతి నుంచి పెదవి దాకా జరుగుతుంది. కెమెరా ముఖాన్నే పట్టుకుంటే మనకి మిగిలేది చప్పుడు ఒక్కటే. మంచి రికార్డింగు ఏదో తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఇదే: నిమిషాలకి నిమిషాలు కెమెరా ఎదురుగా, మోకాళ్ల నుంచి తల దాకా చూపిస్తూ కదలకుండా ఉంటే అది రకుగో తెలిసినవాళ్లు తీసింది.

రెండో గుర్తు హఓరి, అంటే పైన తొడిగే కోటు లాంటిది. కథకుడు వచ్చీ రాగానే కథ మొదలుపెట్టడు. వాతావరణం, వార్తలు, ఓ పిట్టకథ అంటూ కాసేపు ముచ్చటిస్తాడు. ఆ భాగం పేరు మకురా, అంటే తలగడ. ముచ్చట మధ్యలో మాట ఆపకుండానే హఓరి జారవిడిచాడంటే అసలు కథలోకి దిగుతున్నట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కణ్ణుంచి చెవులు రిక్కించి వింటే చాలు. మకురాలో ఎప్పటి వార్తలో ఉంటాయి, అవి అర్థం కాలేదని బెంగపడక్కర్లేదు. హఓరి లేకుండానే వచ్చి చెబుతుంటే అతను జెంజా, అట్టడుగు మెట్టు. ఆ పైన ఫుతత్సుమె, ఆ పైన షిన్‌ఉచి. టోక్యోలో ఇవే మెట్లు. షిన్‌ఉచి అయ్యేసరికి పదిహేనేళ్ల దాకా పడుతుంది. జెంజాకి కథ చెప్పడం కన్నా టీ కాచడం, పెద్దల కిమోనోలు మడతపెట్టడం, ఒక్కో కథకుడు దిగాక మెత్త తిరగేసి పేరు పలక తిప్పడం ఎక్కువ. మెత్త తిరగేయడానికీ పద్ధతుంది. మూడు వైపులా కుట్టు ఉండి నాలుగో వైపు ఉండదు, ఆ కుట్టులేని అంచే ప్రేక్షకుల వైపు ఉండాలి. వాళ్లతో బంధం తెగకూడదని.

ఇలా పూర్తి కథ టీవీలో చూపించేది ఎన్‌హెచ్‌కే. నిహోన్ నో వగెయ్ అనే అరగంట కార్యక్రమంలో ఒకే కళాకారుడు, ఒకే కథ. రకుగో ఒక్కటే కాదు, బల్ల మీద విసనకర్ర కొట్టి వీరగాథలు చెప్పే కోదన్ కూడా వస్తుంది. ఆ రోజు వచ్చేది రెంటిలో ఏదో ముందే తెలుసుకుని కూర్చోండి. మన దగ్గర ఉచితంగా, రిజిస్ట్రేషన్ గోల లేకుండా వచ్చే ఎన్‌హెచ్‌కే వరల్డ్ జపాన్ యాప్ మాత్రం వేరు. అది ఇంగ్లీషు చానెలు, రకుగో గురించి చెబుతుంది, రకుగో చెప్పడం తక్కువ. పరిచయానికి పనికొస్తుంది, ఆకలి తీర్చదు. ఈ రెండు పేర్లూ కలగాపులగం చేసుకుని నిరాశపడేవాళ్లే ఎక్కువ.

కాబట్టి బెంగళూరువాడికి నిజంగా గతి యూట్యూబే, అందులోనూ కథకుల సొంత చానెళ్లు. 2020 ఏప్రిల్‌లో రకుగోశాలలు మూతపడినప్పుడు షుంపూతెయ్ ఇచినొసుకె పది రాత్రులు వరసగా తన చానెల్లో ప్రత్యక్షంగా కథలు చెప్పారు. చప్పట్లు లేని ఖాళీ గదిలో విరామం ఎంతసేపు ఇవ్వాలో తేల్చుకోవడం ఎంత కష్టమో అలాంటివి చూస్తే తెలుస్తుంది. ఆయనే 2023 ఫిబ్రవరి నుంచి షోటెన్‌లోనూ ఉన్నారు. ఒకే మనిషి ఓగిరిలో ఎలా ఉంటాడు, పూర్తి కథలో ఎలా ఉంటాడు అని పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటే ఆయన్నే ఎంచుకోండి. ఇతరులు ఎత్తి పెట్టిన టీవీ ముక్కలు ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. వాటిని నమ్ముకుని జాబితాలు తయారుచేసుకోవద్దు.

ఇంగ్లీషు ఉపశీర్షికలు ఉన్న వీడియో దొరికితే సంబరపడే ముందు ఒకటి గమనించాలి. ఉపశీర్షిక వాక్యం మొత్తాన్ని ఒకేసారి తెర మీద పెట్టేస్తుంది. ఓచి చివరి మాటలో ఉంటుంది. కథకుడు ఇంకా ఊపిరి తీస్తుండగానే మనం చదివేసి నవ్వేస్తాం, ఆయన మాట అనేసరికి నవ్వు చల్లారిపోతుంది. పైగా ఇంగ్లీషులో వాక్యం అటుదిటు తిరుగుతుంది. మాంజూ కొవాయ్ అనే కథ చూడండి. స్నేహితులంతా ఎవరికి ఏదంటే భయమో చెప్పుకుంటుంటే ఒకడు నాకు మాంజూలంటే, అంటే లోపల తీపి పూర్ణం పెట్టిన ఉండలంటే, భయం అంటాడు. ఏడిపిద్దామని అతను పడుకున్న గదిలో మాంజూలు గుట్టగా పోస్తారు. వాడు "అమ్మో భయం, అమ్మో భయం" అంటూ అన్నీ లాగించేస్తాడు. మోసం తెలిసి, నిజం చెప్పు, నీకు అసలు దేనికి భయం అని నిలదీస్తే వాడి జవాబు: "ఇప్పుడైతే వేడివేడి టీ అంటే భయం." జపనీస్‌లో చివరి మాట కొవాయ్, తెలుగులో చివరి మాట భయం. ఇంగ్లీషులో భయం ముందే వచ్చేస్తుంది. క్రియనీ గుణాన్నీ చివర పెట్టుకునే భాష మనది కావడం ఇక్కడ పెద్ద వరం. ఉపశీర్షికలు కట్టేసి, జపనీస్ వాక్యాన్ని మనసులో నేరుగా తెలుగులోకి మార్చుకోండి. వరస చెడదు.

జుగెము అనే కథ కూడా మనకి సులువు. కొడుకు నిండు నూరేళ్లు బతకాలని మంగళకరమైన మాటలన్నీ గుదిగుచ్చి పేరు పెడతాడు తండ్రి. పిలవడానికే ఊపిరి చాలదు. అందులో గోకో అన్న ముక్క ఉంది, అయిదు కో-లు. ఆ కో మన కల్పమే, సంస్కృతం నుంచి చైనా మీదుగా బౌద్ధంతో వెళ్లింది. ఆ పిల్లాడు ఇంకొకణ్ణి కొడితే బుర్ర బొప్పి కడుతుంది, వాడు వచ్చి పూర్తి పేరుతో ఫిర్యాదు చెప్పడం, ఇంటివాళ్లు పూర్తి పేరుతో మళ్లీ అడగడం అయ్యేసరికి బొప్పి కాస్తా తగ్గిపోతుంది. జెంజాలు నోరు తిరగడానికి నేర్చుకునే కథల్లో ఇదొకటి. 2003లో ఎన్‌హెచ్‌కే పిల్లల కార్యక్రమంలో వచ్చాక జపాన్ పిల్లలంతా ఆ పేరుని వల్లెవేశారు. ఉచ్చారణ సాధనకి ఎన్5 వాళ్లు, అంటే జేఎల్‌పీటీ తొలి మెట్టులో ఉన్నవాళ్లు కూడా మొదలుపెట్టొచ్చు.

సరదాకి చేసి చూద్దామనుకునేవాళ్లకి సామాన్ల సంగతి. విసనకర్ర జానెడు పొడవు, తెల్లకాగితం, పుల్లలు మందంగా ఉండాలి. చిక్‌పేటలో దొరికే అలంకారం విసనకర్రలు దీనికి పనికిరావు. పుల్లలు సన్నం, మేకు దగ్గర వదులు, తలుపు తట్టిన చప్పుడు కోసం రెండుసార్లు నేలకి కొడితే విడిపోతాయి. తుండుగుడ్డని వాళ్లు తెనుగుయి అంటారు. పేరు వినగానే గుండె ఉప్పొంగుతుంది గానీ మన తెనుగుకీ దానికీ చుట్టరికం లేదు. తె అంటే చేయి, నుగుయి అంటే తుడవడం. సుమారు 90 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, పల్చటి నూలు. మడతపెడితే పుస్తకం, పర్సు, పొగాకు సంచి అవుతుంది. ఇక్కడి మామూలు తుండుని ఆ కొలతకి కత్తిరించుకోవచ్చు, బొచ్చు తువ్వాలు మాత్రం వద్దు, మడత నిలవదు.

చివరగా డీవీడీలు, సీడీలు. జపాన్ నుంచి వచ్చే స్నేహితుడితో తెప్పించుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జపాన్ డీవీడీ రీజియన్ 2, మనది 5. మన ప్లేయరు దాన్ని తిప్పదు. బ్లూరే అయితే వాళ్లది ఏ, మనది సీ, అదీ అంతే. ల్యాప్‌టాప్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ అయిదుసార్లే, అయిదోసారి ఎక్కడ ఆగితే శాశ్వతంగా అక్కడే. సీడీకి ఈ బాధలేవీ లేవు. రకుగోకి సీడీ తక్కువ సరుకేమీ కాదు, తలతిప్పుడు కనిపించదు గానీ కెమెరా చేటు కూడా ఉండదు. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా పర్పుల్ లైన్‌లో ఒక పెద్ద కథ, ఒక చిన్న కథ వినొచ్చు.

ఎవరివి వినాలి? ఆరో సన్యూతెయ్ ఎన్షో ఉచ్చారణ అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ప్రేక్షకులు లేకుండా స్టూడియోలో చేసినవి కూడా ఉన్నాయి, నేర్చుకునేవాళ్లకి అవే మేలు. అయిదో కొకొన్‌తెయ్ షిన్షో మహానుభావుడే, కాకపోతే ముద్ద మాట, పాత రికార్డింగు, పైగా పాత టోక్యో యాసలో హి అనాల్సిన చోట షి అంటారు, నిఘంటువులో వెతికితే పదం దొరకదు. ఆయన్ని రెండో ఏడాదికి వాయిదా వేయండి. ఒసాకా కథలకి మూడో కత్సురా బెయ్చో, అయితే అది పూర్తిగా కన్సాయ్ మాట, అంటే ఒసాకా ప్రాంతపు యాస. ఎనిమిదో కత్సురా బున్రాకు కథలు తక్కువ, చెక్కుడు ఎక్కువ. 1971లో వేదిక మీద ఒక పాత్ర పేరు గుర్తురాక, మళ్లీ చదువుకుని వస్తానని చెప్పి తలవంచి దిగిపోయి, ఆ తర్వాత ఇక అరుగెక్కని మనిషి ఆయన.

ఆరో, అయిదో, ఎనిమిదో అని ఇన్నిసార్లు రాయడం ఊరికే కాదు. ఈ పేర్లు తరతరాలకి వారసత్వంగా అందుతాయి. షోటెన్‌లో 1983 నుంచి 2006 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఎన్రాకు అయిదోవాడు, ఊదా రంగు ఎన్రాకు ఆయన శిష్యుడు, ఆరోవాడు. ఒకే పేరుతో వెతికితే ఇద్దరివీ, అంతకు ముందువాళ్లవీ కలిసే వస్తాయి. అట్ట మీద పేరుకి ముందు అంకె, దాని పక్కన దాయ్‌మె అన్న రెండు కంజీలు ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.